నీళ్ల మీదే రోజులు గడిస్తే గుండెకేమవుతుంది?

1912 ఏప్రిల్‌లో అగస్టీనో లెవాంజిన్ అనే నలభయ్యేళ్ల మాల్టా దీవి వాసి బోస్టన్‌లోని ఒక ప్రయోగశాలలో మకాం పెట్టాడు. 31 రోజుల పాటు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. రాత్రిళ్లు ఒంటి వేడిని కొలిచే గదిలాంటి పెట్టెలో పడుకునేవాడు. కార్నెగీ సంస్థ పోషకాహార ప్రయోగశాల అధిపతి ఫ్రాన్సిస్ బెనెడిక్ట్, ఆయన సహాయకులు రోజూ అతని నాడి చూశారు, రక్తపోటు కొలిచారు, వదిలిన ఊపిరినీ మూత్రాన్నీ పరీక్షించారు. నెల తిరిగేసరికి 60 కిలోల మనిషి 47 కిలోలకు దిగాడు. 1915లో బెనెడిక్ట్ అచ్చువేసిన ఆ గ్రంథాన్ని దీర్ఘోపవాసం మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

అప్పటికీ ఇప్పటికీ ప్రశ్న మారింది. తిండి లేకుండా మనిషి ఎన్నాళ్లు బతకగలడన్నది ఆనాటి కుతూహలం. బీపీకి, షుగరుకు, ఊబకాయానికి, గుండె జబ్బుకు ఉపవాసం మందుగా పనికొస్తుందా అన్నది ఈనాటి ఆశ. జర్మనీలో సరస్సు ఒడ్డున, కాలిఫోర్నియాలో, మన ప్రకృతి చికిత్సాలయాల్లో జనం వారం, పది రోజులు, మూడు వారాలు డబ్బు కట్టి మరీ పస్తుంటున్నారు. బయటికి వచ్చి బీపీ బిళ్ల మానేశామని సంబరంగా చెబుతున్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. అయితే ఆ పది రోజుల్లో తగ్గిన అంకెలు గుండెకు ఎంతవరకు మేలు చేస్తాయన్నది వేరే లెక్క. అది ఉపవాసం విరమించిన తర్వాతి వారాల్లో, నెలల్లో తేలుతుంది. దీర్ఘోపవాసం గురించి జరిగే ప్రచారంలో ఆ రెండో భాగం దాదాపుగా వినిపించదు.

ఏకాదశి ఉపవాసం, శనివారం ఒంటిపూట, శివరాత్రి జాగరణ, రంజాన్ రోజా ఇక్కడి చర్చలోకి రావు. అవి గంటల లెక్క. ఇక్కడ మాట్లాడేది ఐదు రోజులు మొదలుకొని మూడు వారాల దాకా సాగే ఉపవాసాల గురించి. ఒక పద్ధతిలో నీళ్లు మాత్రమే ఇస్తారు. ఇంకో పద్ధతిలో కూరగాయల కట్టు, పళ్ల రసం, కాస్త తేనె కలిపి రోజుకు 250 కేలరీలకు మించకుండా ఇస్తారు. రెండింటిలోనూ పక్కన డాక్టరు ఉండాలి.

లోపల జరిగేది ఇది. మొదటి ఇరవై నాలుగు గంటల్లో కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న గ్లూకోజు నిల్వ కరిగిపోతుంది. మెదడుకు రోజూ వంద గ్రాములకు పైగా గ్లూకోజు కావాలి. అది దొరక్క కాలేయం కండరాల ప్రొటీనును విరగ్గొట్టి గ్లూకోజు తయారు చేసుకుంటుంది. ఈ పని ఇలాగే సాగితే రోజుకు 75 గ్రాముల ప్రొటీను చొప్పున కండ కరిగి, మనిషి కొన్ని వారాల్లోనే కుప్పకూలాలి. అలా కాదని లెవాంజిన్ ఒంటితోనే చూపించాడు. కారణం మాత్రం 1967లో తెలిసింది. ఆలివర్ ఓవెన్, జార్జ్ కహిల్ బృందం ఐదారు వారాలుగా పస్తున్న ముగ్గురు స్థూలకాయుల మెదడు నుంచి తిరిగొచ్చే రక్తాన్ని సన్నని గొట్టం ద్వారా తీసి పరీక్షించింది. అప్పటికి మెదడు తన ఇంధనంలో సగానికి పైగా కీటోన్ల నుంచి తీసుకుంటోంది. కొవ్వు నుంచి కాలేయం తయారు చేసే ఈ కీటోన్ల పుణ్యాన ప్రొటీను ఖర్చు రోజుకు 20 గ్రాములకు పడిపోయింది. మెదడు గ్లూకోజు తప్ప మరేదీ వాడుకోలేదన్న పాత నమ్మకం ఆ ప్రయోగంతో చెరిగిపోయింది.

ఒంట్లో ఎంత కొవ్వుంటే అన్నాళ్లు అన్నమాట. 1965 జూన్‌లో స్కాట్లాండ్‌లోని డండీ ఆసుపత్రికి 207 కిలోల బరువుతో వచ్చిన ఆంగస్ బార్బియరీ డాక్టర్ల కనుసన్నల్లో 382 రోజులు తిండి లేకుండా గడిపి 82 కిలోలకు దిగాడు. విటమిన్లు, ఈస్టు, కొన్నాళ్లు పొటాషియం బిళ్లలు పుచ్చుకున్నాడు. ఐదేళ్ల తర్వాత కూడా 89 కిలోల దగ్గరే ఉన్నాడు. కొవ్వు నిల్వలు లేని మనిషికి ఆ గడువు లేదు. 1981లో ఉత్తర ఐర్లాండ్ జైల్లో నిరాహార దీక్ష చేసిన పదిమంది యువకులు 46 నుంచి 73 రోజుల మధ్య మరణించారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు మొదలుపెట్టిన దీక్ష 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, ఆయన ప్రాణంతో ముగిసింది. అది చికిత్స కాదు, ఆత్మార్పణ. కానీ శరీరానికి ఆ తేడా తెలియదు. దానికి తెలిసింది నిల్వలే.

ఇక రక్తపోటు. దీర్ఘోపవాసానికి అన్నింటికంటే బలమైన సాక్ష్యం ఇక్కడే ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో ట్రూనార్త్ కేంద్రం నడిపే ఆలన్ గోల్డ్‌హామర్ 2001లో 174 మంది బీపీ రోగుల వివరాలు ప్రచురించాడు. రెండు మూడు రోజులు పళ్లు, కూరగాయలు పెట్టి, ఆపైన సగటున పదకొండు రోజులు నీళ్లతోనే ఉంచి, తర్వాత వారం రోజులు నెమ్మదిగా తిండికి మళ్లించాడు. పై అంకె సగటున 37, కింది అంకె 13 తగ్గాయి. మరీ ఎక్కువ బీపీతో వచ్చినవారిలో పై అంకె సగటున 60 తగ్గింది. ఏ ఒక్క మాత్రా ఇంత తగ్గించదు. దాదాపు తొంభై శాతం మంది 140/90 కిందికి వచ్చారు.

జర్మనీ వైపు కథ ఇంకా పాతది. కీళ్లవాతంతో నౌకాదళం నుంచి బయటపడ్డ డాక్టర్ ఒట్టో బూఖింగర్ 1919లో 19 రోజుల ఉపవాసంతో తేరుకుని, జీవితమంతా అదే వైద్యానికి అంకితమయ్యాడు. 1953లో కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉబెర్లింగెన్‌లో ఆయన పెట్టిన చికిత్సాలయం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ నాలుగు నుంచి 21 రోజుల దాకా ఉపవాసం చేసిన 1,422 మంది లెక్కలు 2019లో వెలువడ్డాయి. బరువు, నడుము కొలత, బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. చెప్పుకోదగ్గ ఇబ్బందులు నూటికి ఒకరికి కూడా రాలేదు. మరుసటి ఏడాది అదే బృందం 1,610 మంది రక్తపోటు లెక్కలు వెలువరించింది. మందులు వాడుతున్నవారిలో చాలామందికి మోతాదు తగ్గించాల్సి వచ్చింది, కొందరికి పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది.

ఈ అంకెల్ని కాదనడానికి లేదు. కానీ ఈ అధ్యయనాల్లో పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. సెలవు పెట్టి, పొగ, మద్యం, ఉప్పు, ఊరగాయ మానేసి, సరస్సు ఒడ్డున విశ్రాంతి తీసుకుంటూ, కడుపునిండా కూరగాయలు తిన్నవాళ్లకు బీపీ ఎంత తగ్గేదో ఎవరూ కొలవలేదు. పైగా ఆ పత్రాలు రాసినవాళ్లు ఆ చికిత్సాలయాల వాళ్లే. నిజాయితీని శంకించనక్కర్లేదు గానీ, వేరే చోట వేరేవాళ్లు నిర్ధారించేదాకా వీటిని తుదితీర్పుగా తీసుకోకూడదు.

బీపీ తగ్గే తీరు గమనిస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. తిండి ఆగగానే ఇన్సులిన్ పడిపోతుంది. ఇన్సులిన్ ఉన్నంతసేపు మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచుతాయి. అది తగ్గగానే ఉప్పునూ దానితో పాటు నీటినీ బయటికి వదిలేస్తాయి. దానికి తోడు ప్రతి గ్రాము గ్లైకోజెన్ తన వెంట సుమారు మూడు గ్రాముల నీటిని అట్టిపెట్టుకుంటుంది, అదీ పోతుంది. మొదటి వారంలో తూకం యంత్రం చూపించే ఘనతలో పెద్ద వాటా ఈ నీటిదే. రక్తనాళాల్లో ద్రవం తగ్గి, నరాల ఉద్రేకం సద్దుమణిగి, నాడి నెమ్మదిస్తుంది, బీపీ దిగుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడానికి కారణం కూడా ఇదే. మళ్లీ అన్నం, పప్పు, పచ్చడి మొదలైతే ఇన్సులిన్ లేస్తుంది, సోడియం తిరిగొస్తుంది, నీరూ తిరిగొస్తుంది. బీపీలో కొంత మేరకు తగ్గుదల నిలబడాలంటే కొవ్వు తగ్గి ఉండాలి, ఉప్పు తగ్గి ఉండాలి.

షుగరు విషయం మరీ చిక్కుది. 1870-71లో జర్మన్ సేనలు పారిస్‌ను దిగ్బంధించినప్పుడు నగరం ఆకలితో అల్లాడింది. తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర మాయమవడం ఫ్రెంచి వైద్యుడు బుషార్దా ఆ రోజుల్లోనే గమనించాడు. 1914 తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ ఆలన్ దాన్నే వైద్యంగా మార్చాడు. పస్తు పెట్టడం, చక్కెర పోయాక చిటికెడు చిటికెడు తిండి ఇవ్వడం, చక్కెర కనిపిస్తే మళ్లీ పస్తు. ఇన్సులిన్ తయారు కాని శరీరాలున్న పిల్లలకు ఇది క్షామమే. ఆలన్ రోగి ఎలిజబెత్ హ్యూస్ 1922 ఆగస్టులో టొరంటో చేరి మొదటి ఇన్సులిన్ సూది వేయించుకునేనాటికి పదిహేనేళ్ల ఆ అమ్మాయి బరువు 20 కిలోలు. అయినా ఆలన్ వైద్యమే ఆమెను ఆ సూది దాకా బతికించింది. వైద్య చరిత్రలో ఇంత కటువైన దయ అరుదు.

ఈనాటి టైప్ 2 మధుమేహం వేరు. ఇక్కడ ఇన్సులిన్ ఉంటుంది, కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు దాని పనిని చెడగొడుతుంది. ఉపవాసంలో ఆ కొవ్వు ముందు కరుగుతుంది కాబట్టి పరగడుపు షుగరు కొద్ది రోజుల్లోనే దిగడం సహజం. అయితే దీర్ఘోపవాసం తర్వాత మొదటిసారి పిండిపదార్థం తిన్నప్పుడు, ఆరోగ్యవంతుడిలో కూడా, షుగరు మామూలు కంటే పైకి లేస్తుంది. కండరాలు కొవ్వు వాడకానికి అలవాటుపడి గ్లూకోజును వెంటనే అందుకోలేవు. పాత వైద్యులు దీన్ని పస్తు మధుమేహం అనేవారు. గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు ముందు మూడు రోజులు మామూలుగా అన్నం తినమని ల్యాబ్‌లో చెప్పేది ఇందుకే. ఇది జబ్బు కాదు, సర్దుబాటు. కొద్ది రోజుల్లో పోతుంది. ఈ సంగతి తెలియనివారు ఉపవాసం విరమించిన రోజున చేయించిన పరీక్ష చూసి బెంబేలెత్తుతారు.

కొలెస్టరాల్ దగ్గర అందరికీ ఒకే జవాబు లేదు. స్థూలకాయుల్లో ట్రైగ్లిజరైడ్లు, చెడు కొలెస్టరాల్ తరచుగా తగ్గుతాయి. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో దానికి ఎదురు జరిగింది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో పదిమంది ఏడు రోజులు పస్తుంటే మొత్తం కొలెస్టరాల్ 37 శాతం, చెడు కొలెస్టరాల్ 66 శాతం పెరిగాయి. బక్కపల్చటి మనిషి గుండె బాగుకోసమని వారం పస్తుండటానికి ఈ లెక్కల్లో ఏ ఆధారమూ లేదు.

ఇటీవలి రెండు పరిశోధనలు ఈ చిత్రాన్ని ఇంకా లోతు చేశాయి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం, నార్వే క్రీడా విజ్ఞాన సంస్థ కలిసి పన్నెండు మంది ఆరోగ్యవంతుల్ని ఏడు రోజులు నీళ్లతో ఉంచి, రోజూ రక్తంలో మూడు వేల దాకా ప్రొటీన్లను కొలిచాయి. 2024లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఒళ్లంతా పొందికగా కనబడే మార్పులు మూడో రోజు దాటాకే మొదలయ్యాయి. బరువు సగటున 5.7 కిలోలు తగ్గింది. మూడు రోజులు తిన్నాక కండ, నీరు చాలావరకు తిరిగొచ్చాయి, కొవ్వు తగ్గుదల నిలిచింది. మార్పుల్లో అన్నీ మేలు చేసేవి కావు. రక్తం గడ్డకట్టే వ్యవస్థకు చెందిన ప్రొటీన్లూ మారాయి.

2025లో లుయిజి ఫోంటానా అనే పరిశోధకుడి బృందం ఆ అనుమానాన్ని సూటిగా పరీక్షించింది. మధ్యవయసులో ఉన్న, బరువెక్కువైన ఇరవై మంది దాదాపు పది రోజులు డాక్టర్ల పర్యవేక్షణలో నీళ్లతో గడిపారు. బరువు 7.7 శాతం తగ్గింది. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ మాత్రం తగ్గకపోగా పెరిగింది, ప్లేట్‌లెట్లు చురుకెక్కిన గుర్తులు కనిపించాయి. గుండె రక్తనాళాల్లో ఇప్పటికే పూడికలున్న మనిషికి ఆ పది రోజులు క్షేమమా అన్న ప్రశ్న దీనితో నిజమైన ప్రశ్న అయింది. ఇరవై మంది చిన్న సంఖ్యే, పెరుగుదల తాత్కాలికమే కావచ్చు. అయినా ఉపవాసం వాపును కడిగేస్తుందని అడ్డూ అదుపూ లేకుండా చెప్పే ఉపన్యాసాలకు ఇది గట్టి అడ్డుకట్ట.

గుండె కండరం గురించి నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు చూపించింది ఇంకా ఆసక్తికరం. ఆరోగ్యవంతులైన మగవాళ్లు మూడు రోజులు పస్తుంటే, స్కానింగ్‌లో వాళ్ల గుండె కండరంలో కొవ్వు పెరిగింది. కొట్టుకున్న తర్వాత గుండె వదులై రక్తంతో నిండే శక్తి కాస్త తగ్గింది. ఒంట్లో కరిగిన కొవ్వు రక్తంలో వరదలా ప్రవహించినప్పుడు గుండె దాన్ని పీల్చుకుంటుందన్నమాట. అదే బృందం స్థూలకాయులైన షుగరు రోగులకు పదహారు వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి చూస్తే, గుండెలో కొవ్వు తగ్గింది, నిండే శక్తి మెరుగుపడింది. ఒకే అవయవం మీద కొద్ది రోజుల ఫలితం, కొద్ది నెలల ఫలితం ఎదురెదురుగా నిలబడ్డాయి. దీర్ఘోపవాసాన్ని అంచనా వేయడానికి ఈ జంట ప్రయోగాల కంటే మంచి పాఠం లేదు.

ఇక మరణాల మాట. 1959లో అట్లాంటాలో వాల్టర్ బ్లూమ్, ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో గార్ఫీల్డ్ డంకన్, లాస్ ఏంజెలెస్‌లో ఎర్న్‌స్ట్ డ్రెనిక్ స్థూలకాయానికి ఆసుపత్రి ఉపవాసాన్ని వాడుకలోకి తెచ్చారు. దశాబ్దం తిరగకుండానే వైద్య పత్రికల్లో చావు కబుర్లు రావడం మొదలైంది. 1969లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక నివేదిక ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. ముప్ఫై వారాల ఉపవాసం ముగించి, తిరిగి తినడం మొదలుపెట్టాక ఒక ఇరవయ్యేళ్ల యువతి గుండె లయ తప్పి చనిపోయింది. శవపరీక్షలో గుండె కండర తంతువులు తునాతునకలై కనిపించాయి.

ఆ పాఠం సరిగా ఒంటబట్టకముందే 1976లో రాబర్ట్ లిన్ పుస్తకం ఒకటి అమెరికాలో ద్రవ ప్రొటీన్ వ్యామోహాన్ని రేపింది. పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన నాసిరకం ప్రొటీను ద్రవం తాగుతూ నెలల తరబడి తిండి మానేశారు జనం. రెండేళ్లలో అరవై దాకా మరణాలు నమోదయ్యాయి. వాటిలో 17 కేసుల్ని పరిశీలించిన వైద్యులకు ఈసీజీల్లో ఒకే దోషం కనిపించింది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్లీ సిద్ధమవడానికి పట్టే వ్యవధి సాగిపోయింది. ఆ దశలో లయ తప్పితే మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు. చనిపోయినవారిలో కొందరు డాక్టర్ల పర్యవేక్షణలోనే ఉన్నవారు. పర్యవేక్షణ అన్న పేరుంటే చాలదు, ఈసీజీ ఎవరు చూస్తున్నారు, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫేటు ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తున్నారు అన్నది ముఖ్యం.

నిజానికి దీర్ఘోపవాసంలో అత్యంత ప్రమాదకరమైన రోజు, మళ్లీ అన్నం ముట్టిన తర్వాతి రోజు. పస్తులో ఒంట్లో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు లోలోపల అడుగంటుతాయి, కానీ రక్తపరీక్షలో మామూలుగానే కనిపించవచ్చు. పిండిపదార్థం కడుపులో పడగానే ఇన్సులిన్ ఉప్పెనలా లేచి, రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాల్నీ కణాల్లోకి లాగేస్తుంది. థయమిన్ అనే బి1 విటమిన్ కూడా చప్పున ఖర్చయిపోతుంది. గుండె లయ తప్పడం, ఒళ్లు నీరు పట్టడం, ఊపిరి ఆడకపోవడం, మతి చలించడం అప్పుడే మొదలవుతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడుదలైన ఖైదీల్లో వైద్యులు దీన్ని గుర్తించారు. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని రోగికి మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి పెట్టవద్దని, పది రోజులు దాటితే కిలో బరువుకు పది కేలరీలతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఏడు రోజుల్లో పెంచాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. థయమిన్ ముందే ఇవ్వాలి.

తెలుగు ఇళ్లల్లో ఈ జాగ్రత్తకు పాత ఆనవాలు ఉంది. సన్నిపాత జ్వరానికి లంఖణాలు చేయించిన రోజుల్లో పథ్యం పెట్టడం ఒక పెద్ద తంతు. జ్వరం విడిచాక ఒకేసారి కంచం నిండా వడ్డించేవారు కాదు. మొదట పల్చటి జావ, తర్వాత పాతబియ్యం అన్నంలో బీరకాయ కూర, అది కూడా గుప్పెడు. ఆ పెద్దవాళ్లకు ఫాస్ఫేటు సంగతి తెలియదు. ఆకలి మీదున్న మనిషిని తిండి దగ్గర ఆపి పట్టుకోవాలని మాత్రం తెలుసు.

నీళ్లకు కాస్త రసం కలిపితే వచ్చే తేడా కూడా తెలిసిన విషయమే. 1943 ఫిబ్రవరి 10న పుణెలోని ఆగాఖాన్ భవనంలో బందీగా ఉంటూ గాంధీ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 73. బీసీ రాయ్, గుండె వైద్యుడు గిల్డర్ వంటివారు పక్కనే ఉన్నారు. మధ్యలో పరిస్థితి విషమించి నీళ్లు కూడా దిగనప్పుడు కొద్దిగా బత్తాయి రసం కలిపి ఇచ్చారు, గట్టెక్కారు. ఆ దశాబ్దంలోనే హార్వర్డ్‌లో జేమ్స్ గాంబుల్, సముద్రంలో చిక్కుకున్న సైనికుల కోసం చేసిన ప్రయోగాల్లో, రోజుకు వంద గ్రాముల గ్లూకోజు ఇస్తే ప్రొటీను నష్టం సుమారు సగానికి తగ్గుతుందని నిరూపించాడు. బూఖింగర్ పద్ధతిలో తేనె, రసం ఉండటం ఉత్త సంప్రదాయం కాదు. అచ్చంగా నీళ్లే అనే పట్టుదలకు గుండె వైపు నుంచి చూస్తే ప్రత్యేకమైన లాభమేదీ తేలలేదు.

మన దగ్గర అసలు గండం మందుల పెట్టెలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, పెద్దవాళ్లలో 35 శాతం మందికి రక్తపోటు ఉంది. ఉపవాస చికిత్స కోసం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక మందు మీద ఉన్నవాళ్లే. గ్లిమెపిరైడ్ అనే షుగరు బిళ్ల వేసుకుంటూ పస్తుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. నీరు పోయే బిళ్ల, బీపీ బిళ్ల మామూలు మోతాదులో కొనసాగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులైతే మరీ మోసం చేస్తాయి. మూత్రంలో చక్కెరను వదిలించే ఈ మందులు వేసుకుంటూ తిండి మానేస్తే, గ్లూకోమీటరులో షుగరు దాదాపు మామూలుగా చూపిస్తూనే రక్తం కీటోన్లతో ఆమ్లమయం అవుతుంది. 2020లో పేటెంటు గడువు తీరాక డపాగ్లిఫ్లోజిన్ చవకై ఊరూరా చేరింది. ఉపవాసానికి ముందు ఈ మందును ఆపారా లేదా అని అడగని కేంద్రంలో చేరకూడదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే విషాలు బయటికి పోతున్నాయని సర్దిచెప్పే చోట ఒక్క రోజు కూడా ఉండకూడదు.

గౌటు ఉన్నవాళ్లకు మరో ఇబ్బంది. మూత్రపిండాల్లో కీటోన్లు, యూరిక్ ఆమ్లం బయటికి పోయే దారి కోసం పోటీపడతాయి. యూరిక్ ఆమ్లం పేరుకుని బొటనవేలు మంటెత్తుతుంది. బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కట్టే అవకాశమూ పెరుగుతుంది. టైప్ 1 మధుమేహం, గర్భం, తిండి విషయంలో మానసిక సమస్యలు, ఇటీవలి గుండెపోటు, గుండె లయ దోషం, ముదిరిన మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని మంచి కేంద్రాలు గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతాయి. అలా ఎంచుకున్నవాళ్లలో ఫలితాలు నిశ్చింతగానే ఉన్నాయి. ట్రూనార్త్‌లో 768 ఉపవాసాల రికార్డులు తిరగేసి 2018లో ప్రచురించినప్పుడు తీవ్రమైన ప్రమాదాలు రెండే బయటపడ్డాయి. ఒకటి నిర్జలీకరణం, మరొకటి సోడియం పడిపోవడం. అలసట, నిద్ర పట్టకపోవడం, వాంతి, తలనొప్పి మాత్రం చాలామందికి వచ్చాయి.

మేలు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో క్రిస్టా వరాడీ బృందం దీర్ఘోపవాస ప్రయోగాలన్నింటినీ కలిపి 2023లో సమీక్షించింది. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు కొవ్వు కాదు, కండ, నీరు వంటి మిగతా భాగం. బీపీ స్థిరంగా తగ్గింది. కానీ మూడు నాలుగు నెలల తర్వాత చూస్తే, బరువు కొంత నిలబడ్డవాళ్లలో కూడా, బీపీ, కొలెస్టరాల్, షుగరు లాభాలు చాలావరకు కరిగిపోయాయి. అంతకుముందే డ్రెనిక్ తన పాత రోగుల్ని ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే అత్యధికులు పాత బరువుకే చేరి ఉన్నారు. దీర్ఘోపవాసం వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయని చూపిన పెద్ద ప్రయోగం ఒక్కటీ లేదు.

ఇంత కష్టపడకుండా ఆ మేలు నిలబెట్టే దారి ఉందా అని వెతికినవాళ్లకు కొంత ఫలితం దక్కింది. నెలకు ఐదు రోజులు మాత్రమే తక్కువ కేలరీల శాకాహారంతో గడిపే పద్ధతిని లైడెన్‌లో వంద మంది షుగరు రోగుల మీద ఏడాది పాటు పరీక్షిస్తే, మూడు నెలల సగటు షుగరు మెరుగుపడింది, మందుల అవసరం తగ్గింది. అంతకంటే గట్టి సాక్ష్యం బ్రిటన్‌లోని డైరెక్ట్ ప్రయోగానిది. రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన ఈ ప్రయోగంలో 306 మంది పాల్గొన్నారు. చికిత్స గుంపుకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, పానీయాలు ఇచ్చి, ఆ తర్వాత మామూలు తిండికి మెల్లగా మళ్లించారు. ఇది ఇంటి దగ్గరే, మామూలు డాక్టరు, నర్సు చేతిలో జరిగింది. ఏడాదికి 46 శాతం మంది, రెండేళ్లకు 36 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం నుంచి బయటపడ్డారు.

ఇంగ్లండ్‌లో, అమెరికాలో, హైదరాబాద్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సందేహం సహజం. మనకు షుగరు తక్కువ వయసులో, తక్కువ బరువులోనే వస్తుంది కదా, తెల్లవాళ్ల లెక్క మనకు వర్తిస్తుందా? గ్లాస్గోలో నవీద్ సత్తార్ బృందం దక్షిణాసియా మూలాలున్న 25 మందితో ఇదే పద్ధతి పరీక్షించింది. చివరిదాకా లెక్కకు అందినవారిలో 43 శాతం మంది మధుమేహం నుంచి బయటపడ్డారు. కాలేయంలో కొవ్వు గణనీయంగా తగ్గింది. చిన్న ప్రయోగమే, కానీ దారి మనకూ తెరిచే ఉందని చూపించింది. ఇక మేలు నిలబడే తీరుకొస్తే, డైరెక్ట్‌లో ఐదేళ్ల దాకా వెంబడించిన చికిత్స గుంపులో అప్పటికీ మందుల్లేకుండా నిలబడ్డవారు 13 శాతం. వాళ్లు ఐదో ఏట కూడా మొదటి బరువు కంటే సగటున 8.9 కిలోలు తక్కువగా ఉన్నారు.